తాత తలాపున పొయ్యిరాయి

మా అవ్వ, అంటే కన్నతల్లి, పోయాక వచ్చిన రెండో పెత్రమాస, పెద్దల అమావాస్య అది. ఇంకా నాలుగు రోజులుందనగా బాపు నాకు ఫోన్ చేశాడు. నేను నిర్మల్‌లో బడిపంతులమ్మను. దసరా సెలవులు ఎప్పటినుంచని ముందు అడిగాడు. చెప్పాను. ఆ తర్వాత ఫోన్లో ఆయన ఊపిరి సన్నని పిల్లికూతలా వినిపించింది. ఏళ్ళకేళ్ళు బొగ్గుబాయిలో దిగినవాళ్ళకు రిటైరయ్యాక కూడా ఇంట్లో తోడుండే కూతే అది.

"ఈసారి పెద్దలకు బియ్యం ఇంట్ల ఇయ్య," అన్నాడు చివరికి. "మా బాపు ఉన్న తానికే పోయి పెడత. నువ్వు వస్తవా?"

వస్తానన్నాను. తన తండ్రిని బాపు "మా బాపు" అని పిలవడం నేను వినడం అదే మొదటిసారి. నా చిన్నప్పటినుంచీ ఆయన నోట వచ్చింది "ముసలాయన" అన్న మాటే. ఆ ముసలాయన సమాధి ఉన్న ఊళ్ళో బాపు కాలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది.

మా తాత నేతగాడు. కరీంనగర్ దాటి సిరిసిల్ల పోయే దారిలో ఒక చిన్న ఊరు వాళ్ళది. ఇంటి ముందరి గదిలో గుంటమగ్గం ఉండేది. ముగ్గురు పిల్లల్లో బాపు పెద్దవాడు. ఆయన తర్వాత చిన్నాయన, అందరికంటే చిన్నది మా మేనత్త. బాపుకు పద్దెనిమిదేళ్ళప్పుడు, వేములవాడ జాతరకు పోయొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాడు. వేములవాడ పోలేదు. పెద్దపల్లిలో రైలెక్కి మంచిర్యాలలో దిగాడు. తెలిసినవాళ్ళను పట్టుకొని బాయిలో పనికి కుదిరాడు. తట్టతో, చెమ్మస్ అనే పారతో బొగ్గెత్తి టబ్బుల్లో నింపే పని. మగ్గం నేసి నేసి తన తండ్రి సగం కడుపుకు తినడం చూసినవాడు, నెల తిరిగేసరికి జీతం వచ్చే చోటు వెతుక్కున్నాడు.

తాతకు వారం తర్వాత తెలిసింది. అప్పుడాయన అన్న మాట కులపోళ్ళ నోళ్ళలో నాని మా దాకా వచ్చింది. "మన్ను కింద ఉండేది సచ్చినోళ్ళు. బతికున్నోడు దిగుతడా? ఇగ వాడు నాకు లేనట్టే."

పెళ్ళయ్యాక మా అవ్వ ఈ పంతం పట్టించుకోలేదు. "మీకు మీకు కొట్లాట. నాకేంది?" అని ఎండాకాలం సెలవులు రాగానే నన్ను తీసుకొని అత్తగారింటికి బయల్దేరేది. అప్పటికి నాయనమ్మ లేదు. బాపు మమ్మల్ని బస్సెక్కించేవాడు. కిటికీ పక్కన నిలబడేవాడు. బస్సు కదిలాక నాలుగడుగులు పక్కనే నడిచేవాడు.

తాత ఇల్లంటే నాకు గంజి వాసన. మగ్గం గుంటలోకి కాళ్ళు జార్చి ఆయన కూర్చుంటే నేను గుంట అంచున కూర్చునేదాన్ని. ఆయన తలా నా తలా ఒకే ఎత్తులో ఉండేవి. రాట్నం తిప్పి కండెలు చుట్టడం నాకు ఆయనే నేర్పాడు. నేను చుట్టిన కండె వదులుగా ఉండేది. మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడెలో పెడితే నూలు చిక్కుపడేది. ఆయన ఒక్క మాట అనకుండా చిక్కు తీసి మళ్ళీ నేసేవాడు. మధ్యలో, నా వైపు చూడకుండా అడిగేవాడు.

"మీ ఇంట్ల పెద్దమనిషి బువ్వ మంచిగ తింటుండా?"

"ఎవలు తాతా?"

"గదే. నిన్ను బస్సెక్కించినాయన."

తింటున్నాడని చెప్పేదాన్ని. "ఊ" అనేవాడు. నాడె మళ్ళీ అటూ ఇటూ ఉరికేది.

సెలవులయ్యాక మంచిర్యాల పక్కన మేముండే నస్పూర్ తిరిగొస్తే, బాపు డ్యూటీ దిగి, స్నానం చేసి, నా పక్కన మంచం మీద కూర్చునేవాడు. చెవుల వెనక ఇంకా కొంచెం నలుపు ఉండేది. "ఆ ముసలాయనకు దగ్గు తగ్గిందా?" అనేవాడు. తగ్గిందన్నా తగ్గలేదన్నా ఆయనా "ఊ" అనే అనేవాడు. ఆ ఇద్దరి మధ్య నడిచిన కబురంతా నేనేనని అప్పుడు నాకు తెలియదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు వానాకాలంలో తాత చనిపోయాడు. సరిగ్గా అదే వారం బాయిలో పైకప్పు పెళ్ళ కూలి బాపు కాలు విరిగింది. టెలిగ్రాం మా క్వార్టరుకు వచ్చింది. అవ్వ దాన్ని కొంగుకు ముడేసుకొని దవాఖానకు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. రెండు రోజులు చెప్పలేదు. చెబితే ఆ కట్టు కాలితోనే లేచి బయల్దేరతాడని ఆమె భయం. మూడో రోజు చెప్పింది. అప్పటికి మట్టి చేయడమూ అయిపోయింది, మూడొద్దుల కర్మా అయిపోయింది.

మూడు నెలల తర్వాత, చేతికర్ర ఊతంతో బాపు ఆ ఊరు పోయాడు. ఇంటి కడప దగ్గర చిన్నాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడట.

"ఇప్పటికి తీరిందా? బాపు మన్నుల కలిసిపోయిండు. ఇగ ఎవల కోసం వచ్చినవ్?"

బాపు మంచినీళ్ళు కూడా తాగకుండా వెనుదిరిగాడు. కొన్నేళ్ళకు చిన్నాయన ఇల్లమ్ముకొని కుటుంబంతో మహారాష్ట్రలోని భివండీకి వలస పోయాడు. అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తూ అక్కడే కన్నుమూశాడు. అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోలేదు. మేనత్త మాత్రం అదే ఊరి కోడలై అక్కడే ఉండిపోయింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో కలిసేది. మా అవ్వ పోయినప్పుడు వచ్చి పది రోజులుంది. ఆ పది రోజుల్లో అన్నాచెల్లెళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బాపు ఫోన్‌కు బీజం అక్కడే పడిందేమోనని ఇప్పుడనిపిస్తుంది.

*

పెత్రమాస ముందురోజు సాయంత్రానికి నేను నస్పూర్ చేరాను. బాపు మా తమ్ముడి దగ్గరే ఉంటాడు. నేను వచ్చేసరికి సంచి సర్దుకొని ఉన్నాడు. ఉతికిన ధోతి, తెల్ల అంగీ, బియ్యం మూట, రెండు బీడీ కట్టలు. ఆయన బీడీ మానేసి ఇరవై ఏళ్ళయింది. "ఎవరికి?" అన్నాను. "ముసలాయనకు," అని, వెంటనే నాలిక కరుచుకొని "మా బాపుకు," అన్నాడు.

పొద్దున్నే బస్సెక్కాం. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. బాపు డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నాడు. "నువ్వు ఉత్తగనే, నేను పైసలిచ్చి. వారెవ్వా," అని నవ్వాడు. ఇందారం దాటి గోదావరి వంతెన మీదికి రాగానే నవ్వు ఆపి రెండు చేతులూ జోడించాడు. నది నిండుగా ఉంది. దారి పొడుగునా తంగేడు పూసింది. ఆడవాళ్ళు బతుకమ్మ కోసం గట్ల మీద గునుగు కోస్తున్నారు. గోదావరిఖని, పెద్దపల్లి, సుల్తానాబాద్. పెద్దపల్లి దగ్గర మాత్రం బాపు స్టేషన్ దిక్కు మెడ తిప్పి చూశాడు. "జాతరకని చెప్పి వచ్చింది ఈడికే," అన్నాడు.

కరీంనగర్ బస్టాండులో చాయ తాగి సిరిసిల్ల బస్సెక్కాం. ఊరు దగ్గరపడుతుంటే సంచి ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే చెవులు హోరెత్తాయి. చిన్నప్పుడు నేను విన్నది చేతిమగ్గాల చప్పుడు. ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో వినబడేది. ఇప్పుడు ప్రతి వీధిలో రేకుల షెడ్లు, వాటిలో మరమగ్గాలు. వాటిని అక్కడ సాంచాలు అంటారు. అన్నీ ఒక్కసారే కొట్టుకుంటుంటే మనిషి మాట మనిషికి వినబడదు. తాత ఇల్లు ఉన్న చోట ఎవరిదో రెండంతస్తుల డాబా లేచింది. బాపు దాని ముందు ఆగాడు. కడప ఉండాల్సిన చోటు కళ్ళతో వెతుక్కున్నాడు. అక్కడొక ఇనుప గేటుంది.

మేనత్త వీధి మొదట్లోనే ఎదురొచ్చింది. నేను అత్తమ్మ అని పిలిచే ఆమె ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి. "వచ్చినవా అన్నా," అంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. ఇంటికి చేరేదాకా వదలలేదు.

ఆమె అప్పటికే వండిపెట్టింది. అన్నం, పుంటికూర పప్పు, కొద్దిగా మాంసం. బాపు కాళ్ళు కడుక్కొని కూర్చోగానే అసలు సంగతి అడిగాడు.

"బాపును ఏడ పెట్టిండ్రు చెల్లె?"

అత్తమ్మ చేతిలోని గరిట ఆగిపోయింది. "నాకేం ఎరుక అన్నా? ఆడోళ్ళను ఆడిదాక రానియ్యరు గద. ఊరవతలి దాక ఎంబడి పోయిన. మూల మలిగినంక పాడె కనపడలే. ఆడనే కూలవడి ఏడ్చిన. గంతే."

"మోసినోళ్ళు?"

"చిన్నన్న పాయె. కులపెద్దలు నలుగురు మోసిండ్రు, నలుగురు పోయిండ్రు."

బాపు ముఖం చూడలేకపోయాను. ఇంత దూరం వచ్చి, ఎక్కడుందో తెలియని సమాధికి బియ్యం ఎలా పెడతాం? అత్తమ్మే తేరుకుంది.

"చిచ్చా ఉన్నడు," అంది. "నూలుకు రంగులేసెటాయన. బాపు దోస్తు. నడుము వంగింది గని యాది మంచిగున్నది."

ఆయన నాకు లీలగా గుర్తుకొచ్చాడు. తాత నేతకు నూలు రంగేసి తెచ్చేవాడు. ఆయన వేళ్ళు ఎప్పుడూ నీలంగానో ఎర్రగానో ఉండేవి. నాకు చూపించి భయపెట్టేవాడు. తాతకంటే చాలా చిన్నవాడు, బాపుకంటే కొంచెం పెద్దవాడు. ఊరంతా ఆయన్ని బాబాయి అన్నట్టు చిచ్చా అనే పిలుస్తుంది.

అత్తమ్మ ఆటో మాట్లాడి, వండినవి సర్దుకొని తనూ మాతో వచ్చింది. చిచ్చా ఇంటి ముందు ఆగితే, ఆయన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. బాపు దిగి ఎదురుగా నిలబడ్డాడు. చిచ్చా కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు.

"అరే," అన్నాడు. "జాతరకు పోయినోడివి, గిప్పుడొస్తున్నవా బేటా?"

బాపు వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోతే ఆయన లేపి గుండెకు హత్తుకున్నాడు. ఆ ఒక్క మాటకే ఇద్దరూ నవ్వారు, ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

చిచ్చాను ఎక్కించుకొని శ్మశానానికి కదలబోతుంటే అత్తమ్మ కూడా మళ్ళీ ఆటో ఎక్కి కూర్చుంది.

"నువ్వొస్తవా?" అన్నాడు బాపు.

"ఎందుకు రావద్దు? ఇప్పుడు నన్ను ఆపెటోళ్ళు ఎవలున్నరు? ఆపెటోళ్ళందరు ఆడనే పండుకున్నరు," అంది.

*

ఊరి బొందలగడ్డ ఒక వాగు ఒడ్డున ఉంది. మా వాళ్ళు కాల్చరు, పూడుస్తారు. వానలకు గడ్డీ, తుప్పలూ నడుము ఎత్తు పెరిగాయి. మధ్యమధ్య గునుగు తెల్లగా విరబూసింది. ఒక పక్కన కొత్తగా వేసిన రోడ్డు స్థలాన్ని కోసుకుంటూ పోయింది. దాన్ని చూడగానే చిచ్చా ఆగాడు. "యా అల్లా. గిది ఎప్పుడేసిండ్రు?" అని కర్రతో రోడ్డు అంచును తట్టాడు. తాత సమాధి ఆ రోడ్డు కిందికి పోయిందేమో అనుకున్నాను.

ఆయన వాగు దిక్కు తిరిగి నిలబడ్డాడు. ఏదో లెక్క చూసుకున్నాడు. అడుగులో అడుగు వేసుకుంటూ తుప్పల్లోకి నడిచాడు. ఒక దిబ్బ దగ్గర ఆగి, "గిదే," అన్నాడు. బాపు కూర్చోబోయాడు. "కాదు కాదు. జర ఆగు. గిది కుమ్మరాయనది," అన్నాడు. మళ్ళీ నడిచాడు. రెండో దిబ్బా కాదన్నాడు. ఎండ ముదురుతోంది. అత్తమ్మ కొంగు నడుముకు దోపుకొని చేతులతోనే గడ్డి పీకడం మొదలుపెట్టింది.

"దేనికోసం చూస్తున్నవు చిచ్చా?" అని నేను అడిగాను.

"రాయి బేటీ. నల్లరాయి. నా రంగుకాగు కింది పొయ్యిరాయి. మట్టి ఇచ్చినప్పుడు తలాపున పెట్టెతందుకు ఏం లేకుండె. వానల గుర్తు పోతదని ఇంటికి ఉరికి పొయ్యిల రాయి పీక్కొచ్చిన. మా ఇంటామె తిట్టింది. రంగుకు, వంటకు ఒక్కటే పొయ్యి, పొద్దుగూకితె ఎట్ల అని."

అప్పుడు నేనూ వంగాను. ముగ్గురం గడ్డి పీకుతూ పోయాం. చిచ్చా కర్రతో పొడుస్తూ వచ్చాడు. రోడ్డుకు పది అడుగుల ఇవతల, ఒక రేగు తుప్ప కింద నా చేతికి రాయి తగిలింది. సగం మట్టిలో కూరుకుపోయింది. మట్టి గీకితే ఒక పక్క మామూలుగా ఉంది, ఇంకో పక్క మసిబారి ఉంది. ఎన్నో ఏళ్ళు మంటకు కాలిన రాయికి వచ్చే నలుపు అది. ఎన్ని వానలు పడ్డా పోలేదు.

నేను పిలవకముందే బాపు వచ్చేశాడు. రాయి మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఏడవలేదు. ఏడుస్తాడని నేను అనుకున్నాను. చుట్టూ ఉన్న గడ్డి ఒక్కొక్క పోచా పీకి పక్కన పెట్టాడు. బాయిలో పని నేర్చిన చేతులు. కాసేపట్లోనే మనిషి పొడుగు నేల శుభ్రంగా బయటపడింది.

అత్తమ్మ మోదుగాకు విస్తరి పరిచి అన్నం, పప్పు, మాంసం వడ్డించింది. బాపు బియ్యం పోశాడు. చిచ్చా ఒక బీడీ ముట్టించి, ఒక దమ్ము లాగి, రాయి పక్కన పెట్టాడు. దాని పొగ సన్నగా లేస్తుంటే ఆయన అన్నాడు:

"బేటా, నీకో మాట చెప్పాలె. చెప్పద్దని నీ బాపు నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. కని ఆయన పోయి గిన్నేండ్లాయె. నేను రేపో మాపో. ఇగ ఎన్నడు చెప్త?"

బాపు తలెత్తాడు.

"ఆయన పోయిన దానికి ముందటేడు. వానకాలం. నా దగ్గరికొచ్చి 'రంగు కొన మంచిర్యాల దిక్కు పోతున్నవా' అనడిగిండు. నాకు ఆడ ఏం పని? లేదన్న. 'అయితే మంచిదే, పోదాం పా' అన్నడు. అప్పుడు సమజైంది నాకు. ఇద్దరం రైలెక్కి పోయినం. నువ్వు దిగే బాయి నంబరు కోడలు నోట విని యాది పెట్టుకున్నడు. అడుక్కుంట అడుక్కుంట గేటు కాడికి చేరినం. ముంగట చాయ దుకాణం ఉండె. ఆడ కూసున్నం. ఇంటికి పోదాం పా, కోడలున్నది, మనుమరాలున్నది అన్న. ఒప్పుకోలే. 'ఇంటికి పోతె నేను ఓడినట్టయితది. ఊకె ఒకపారి సూసి పోత' అన్నడు."

"నన్ను సూసిండా?" అన్నాడు బాపు.

"మొకం నలుపుంటది గద, ఎట్ల గుర్తుపడ్తవని నేనన్న. 'ఎండకాలం పిల్ల చేతికి తువ్వాల ఇచ్చి పంపిన. ఎర్రంచుది. నేను నేసింది నాకెరుక లేదా' అన్నడు. మూడు కొట్టంగ బయటికొచ్చిండ్రు. నూరుమందో రెండు నూర్ల మందో. అందరు నలుపే. మొకాలు నలుపు, బట్టలు నలుపు, తువ్వాలలు నలుపు. కండ్లొక్కటే తెల్లగ. నీ బాపు లేచి నిలవడ్డడు. ఒక్కొక్కని మొకంలకు సూసిండు. ఒకని ఎన్క నాలుగడుగులు పోయిండు, ఆగిండు. అందరు పోయిండ్రు. గేటు కాడ ఎవ్వలు లేరు. 'భాయ్, నా కొడుకును నేను గుర్తుపట్టకపోతి' అన్నడు. గంతే. ఇంటికొచ్చేదాక మల్ల నోరు తెరువలే."

ఆ తువ్వాల నాకు గుర్తుంది. మడత పెట్టి నా గౌన్ల సంచిలో పెట్టి, "ఎవ్వలకన్న ఇయ్యి" అన్నాడు తాత. నేను బాపుకు ఇచ్చాను. ఆయన మారు మాట్లాడకుండా మర్నాడు తలకు చుట్టుకొని డ్యూటీకి పోయాడు. అది పీలికలయ్యేదాకా వదలలేదు.

బాపు ఊపిరి పిల్లికూతలా వినిపిస్తోంది. తర్వాత అడిగిన మాట నేను ఊహించనిది.

"ఏ నెల చిచ్చా?"

"నెల యాదికి లేదు బేటా."

"వానకాలం మొదట్లనా, ఆఖర్లనా?"

చిచ్చా కళ్ళు మూసుకున్నాడు. "చాయ దుకాణం పక్కన మక్కకంకులు కాలుస్తుండె. నీ బాపు ఒక కంకి కొన్నడు. తినలే. వాపస్ వచ్చేదాక చేతిల పట్టుకొనే ఉన్నడు."

బాపు తల ఊపాడు. అప్పుడు లేచి, పక్కనున్న నేలను వేళ్ళతో తవ్వి, మూడు పిడికిళ్ళ మట్టి సమాధి మీద వేశాడు. మూడోది వేసేటప్పుడు పిడికిలి తొందరగా విప్పలేదు. అత్తమ్మ కూడా మూడు పిడికిళ్ళు వేసింది. నన్ను చూసి, "నువ్వు గూడ ఎయ్యి బిడ్డా," అంది. వేశాను.

*

తిరిగి ఇంటికొచ్చి అన్నాలు తిన్నాక అత్తమ్మ ఫోన్ తీసి భివండీకి కలిపింది. చిన్నాయన భార్య ఫోన్లోకి వచ్చింది. "పెద్దన్న వచ్చిండు. బాపు కాడికి పోయొచ్చినం," అని చెప్పి ఫోన్ బాపు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చెవికి దూరంగా పట్టుకున్నాడు, కాలుతున్నదాన్ని పట్టుకున్నట్టు.

"మంచిగున్నరా?" అన్నాడు.

అవతలినుంచి, "మంచిగున్నం బావా. మీ పానం ఎట్లున్నది?" అని వినిపించింది.

"బాగనే ఉన్నది. ఆడ వానలున్నయా?"

"బాగ పడుతున్నయ్."

కడప దగ్గరి ఆ రోజు గురించి ఆయన అనలేదు, ఆమె అనలేదు. చివరికి ఆమె, "పిలగాండ్ల పెండ్లికి పిలుస్తం, రావాలె," అంది. "వస్త," అన్నాడు బాపు. ఫోన్ పెట్టేశాక అత్తమ్మ నవ్వింది. "గింత దూరం ఫోన్ చేసింది వానల ముచ్చటకా?" అంది. ఆయనా నవ్వాడు.

మధ్యాహ్నం బస్సుకు బయల్దేరాం. కరీంనగర్‌లో బస్సు మారాం. సుల్తానాబాద్ దాటేదాకా బాపు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"నీ తమ్ముడు పుట్టింది కంకుల దినాలల్లనే గద?"

"అవును బాపు."

"ఆ ఏడే. అప్పుడు నాది రెండో షిఫ్టు. పొద్దుగాల దవాఖాన్ల మీ అవ్వ కాడ ఉండి, మూడు గంటలకు డ్యూటీకి పోతుండె. అడిగి మార్పిచ్చుకున్న." మళ్ళీ వేళ్ళు చూసుకున్నాడు. "అంటె ఆ బయటికొచ్చిన మందిల నేను లేనే లేను. వాళ్ళు ఎక్కుతుంటె నేను దిగుతున్న. మొకం కడుక్కొని, ఉతికిన తువ్వాల చుట్టుకొని పోయిన. ఆయన వచ్చెటోళ్ళను సూసిండు. పోయెటోళ్ళను సూడలే."

అది ఇంకా పెద్ద బాధ అనుకున్నాను. కానీ ఆయన ముఖం తేలికపడింది.

"ఆయన గుర్తుపట్టకపోవుడు కాదు బిడ్డా," అన్నాడు. "నేను ఆడ లేకుంటి. గంతే."

గోదావరి దాటేసరికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

ఆ దసరాకు మేనత్త నస్పూర్ వచ్చింది. ఆ ఇంట్లో చావుకు తప్ప మామూలుగా వచ్చి ఉండడం ఆమెకు అదే మొదలు. నేనూ పిల్లలతో వచ్చాను. రెండో రోజు అన్నం తిన్నాక ఆమె చెప్పులు వేసుకొని వాకిట్లో నిలబడింది.

"అన్నా, బాపు కూసున్న జాగ సూపియ్యి," అంది.

ముగ్గురం ఆటోలో బాయి గేటు దగ్గరికి పోయాం. చాయ దుకాణం ఇప్పుడు లేదు. అక్కడ సెల్‌ఫోన్ల దుకాణమొకటి, మోటార్ సైకిళ్ళ స్టాండొకటి ఉన్నాయి. గోడ పక్కన నీడలో నిలబడ్డాం. మూడు దాటాక మనుషులు బయటికి రావడం మొదలైంది. మునుపటంత మంది లేరు. ఒకప్పటి తట్టలూ చెమ్మస్‌లూ పోయి యంత్రాలొచ్చాయి. అయినా ముఖాలు మాత్రం నల్లగానే ఉన్నాయి. అత్తమ్మ ఒక్కొక్కరినీ కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఇద్దరు ముగ్గురు బాపును గుర్తుపట్టి నమస్తే పెట్టారు.

"లోపల గాలి ఉంటదా అన్నా?" అంది ఉన్నట్టుండి.

"ఉంటది. పంపుతరు."

"నీళ్ళు? బువ్వ ఏడ తింటరు? లోపటనేనా? చీకట్లనా?"

"టోపీకి దీపం ఉంటది గద. ఆ ఎల్తురుకే."

"మరి భయం కాకపోవునా?"

బాపు ఆలోచించాడు. "మొదటి వారం అయింది," అన్నాడు. "దిగంగనే చెవులు గుయ్యిమన్నయ్. ఎన్కకు ఉరుకుదామనుకున్న. కని జాతరకని చెప్పి వచ్చిన గద, ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

ఆమె ఫక్కున నవ్వింది. గోడ నీడ జరుగుతున్న కొద్దీ మేమూ జరుగుతూ నిలబడ్డాం. ఆమె అడుగుతూనే ఉంది. లోపల ఎంత దూరం నడుస్తారు, వాన నీళ్ళు లోపలికి వస్తాయా, ఎలుకలుంటాయా అని. తన వాళ్ళలో ఒక్కరూ తన పని గురించి అడగకుండానే బతుకు గడిచిపోయిన మనిషి, చేతులు ఊపుతూ అన్నిటికీ జవాబు చెప్పాడు. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టినా వినిపించుకోలేదు.